చిన్న క్రూజరు బండ్లు – కొత్త ఇంజనుల రాక

మోటారు సైకిళ్లను గూర్చి పెద్దల యెదుట ప్రసంగించుట యేమని కొందరికి తోచవచ్చును. కాని ఒక్క సంగతి జ్ఞప్తికి తెచ్చుకొనుడు. ఒకప్పుడు ఊరిలోనికి బుల్లెట్టు బండి వచ్చుచున్నదనిన, అది చెరువుకట్ట మీద నుండగనే దాని చప్పుడు మనకు తెలిసెడిది. ఎవరి బండియో కూడ చెవితోనే గుర్తించెడివారము. ఆ చప్పుడును పుట్టించిన ఇంజను ఎంతకాలము మారకుండ నిలిచినది, మారినప్పుడు మొదట ఏ బండిలో మారినది, ఆ మార్పు వలన ఎవరు బాగుపడిరి, ఎవరు చెడిరి అనునది చరిత్రకు సంబంధించిన విషయమే. రాజుల యుద్ధములకున్న గౌరవము దీనికి లేకపోవచ్చును గాని, మన పిల్లల జీతములలో కొంత భాగము ప్రతి నెలయు బండి వాయిదాలకే పోవుచున్నది గనుక, దీనిని తెలిసికొనుట వ్యర్థము కాదు.

నేనుండు కొత్తగూడ హైదరాబాదునకు పడమట శేరిలింగంపల్లి ప్రాంతమునందలి పాత గ్రామము. 1998 నవంబరు నెలలో మాదాపురమున సైబర్ టవర్స్ అను భవనమును నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి ప్రారంభించిరి. అది మొదలు ఈ చుట్టుపట్ల ఊళ్ల రూపమే మారిపోయినది. పొలములున్న చోట అద్దాల మేడలు లేచినవి. బొటానికల్ గార్డెను కడనుండి కొత్తగూడ, కొండాపురముల మీదుగా వేసిన వంతెన దారి 2023 జనవరి 1వ తేదీన తెరువబడినది. అయినను సాయంత్రము ఆఫీసులు వదలిన వేళ క్రింది రోడ్డున బండ్లు నడచుట లేదు, ప్రాకుచున్నవి. ఆ బండ్ల నడుమ కాళ్లు ముందునకు చాచి, వెనుకకు వాలి కూర్చుండి, మెల్లగా సాగిపోవు యువకులు కొందరు కనబడుదురు. వారెక్కినవే క్రూజరు బండ్లు. టీ అంగళ్ల వద్ద వారు నలుగురు కూడినచో తరచుగా వినబడు ప్రశ్న ఒక్కటే: ఈ బండికి కొత్త ఇంజను ఎప్పుడు వచ్చును?

క్రూజరు అనగా నేమో ముందుగా చెప్పవలెను. మామూలు మోటారు సైకిలు పీటవంటిది; పందెపు బండి మీద మనిషి ముందునకు వంగి పండుకొన్నట్లుండును; క్రూజరు పడకకుర్చీ వంటిది. ఆసనము నేలకు దగ్గరగా, చేతిపిడి ఎత్తుగా, చక్రముల నడుమ దూరము ఎక్కువగా నుండును. అమెరికాలోని సుదీర్ఘమైన తిన్నని రోడ్ల మీద హార్లీ డేవిడ్‌సన్, ఇండియన్ మొదలగు కంపెనీల పెద్ద బండ్ల నుండి ఈ ఆకారము వచ్చినది. హార్లీ 1903లో పుట్టిన కంపెనీ. ఇండియన్ దానికంటె రెండేండ్లు పెద్దది. పేరు ఇండియన్ అయినను మన దేశముతో దానికేమియు సంబంధము లేదు. అమెరికా ఆదివాసులను ఉద్దేశించి పెట్టిన పేరది.

ఇట్టి బండికి వేగము కంటె లాగుడు ముఖ్యము. పందెపు గిత్త పరుగు వేరు. బురదలో దిగబడిన బండిని అదరక బెదరక లాగు ముదురు ఎద్దు పని వేరు. పెద్ద ఇంజనులో ఈ లాగుడు సహజముగానే ఉండును. చిన్న ఇంజను అట్లు కాదు. అది నిమిషమునకు ఎక్కువ చుట్లు తిరిగిననే దానికి బలము వచ్చును. వాలి కూర్చున్నవాడు కోరునది నెమ్మది. చిన్న ఇంజను కోరునది ఉరుకు. ఈ వైరుధ్యమును తీర్చుటయే చిన్న క్రూజరు చేయువారికి తలనొప్పి. ప్రత్యేకముగా ఒక ఇంజను తయారుచేయవలెననిన కోట్లు కావలెను. అమ్ముడుపోవునవి స్వల్పము. అందుచేత ఇంటిలో పెద్దవాని చొక్కాను చిన్నవానికి తొడిగినట్లు, మరియొక బండి ఇంజనును దీనికి తగిలించుట లోకమంతటను అలవాటైనది. హోండా కంపెనీ 1985లో అమెరికాలో విడుదల చేసిన రెబెల్ 250 అను చిన్న క్రూజరు సంగతి చూడుడు. దాని 234 సీ.సీ. ఇంజను 2016 వరకును, అనగా మూడు దశాబ్దములు, ఇంచుమించు అట్లే సాగినది. (సీ.సీ. యనునది సిలిండరు లోపలి చోటునకు కొలత.) 2017లో కొత్త ఇంజను వచ్చినప్పుడు కూడ అది ఆ కంపెనీ పరుగు బండ్ల నుండి తెచ్చినదే.

మన దేశమున ఈ కథ మదరాసు నుండి మొదలగుచున్నది. నెల్లూరు, గూడూరుల వైపు నుండి రైలులో చెన్నపట్టణము పోవువారికి పట్టణము చేరకమునుపే తిరువొత్తియూరు స్టేషను తగులును. 1955లో మద్రాస్ మోటార్స్ వారును, ఇంగ్లండులోని రెడిచ్ పట్టణమునకు చెందిన రాయల్ ఎన్‌ఫీల్డ్ వారును కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా అను కంపెనీని స్థాపించి, తిరువొత్తియూరున బుల్లెట్టు బండ్లు చేయ నారంభించిరి. మన సైన్యము సరిహద్దుల గస్తీకి ఈ బండినే ఎన్నుకొనుట అందులకు ప్రేరణ. మొదట విడిభాగములు ఇంగ్లండు నుండి ఓడలలో వచ్చెడివి. క్రమముగా అన్నియు ఇక్కడనే చేయబడినవి. విచిత్రమేమనగా, 1970 ప్రాంతమున ఇంగ్లండులోని మూల కంపెనీ మూతపడెను. మదరాసు పిల్ల కంపెనీ మాత్రము బ్రదికి, 1977లో ఆ బండ్లనే తిరిగి ఇంగ్లండునకు ఎగుమతి చేయసాగెను.

ఆ ఇంజనును గూర్చి కొంచెము విపులముగా చెప్పెదను. అది మీకు తెలిసినదే గనుక. 346 సీ.సీ. కొలత, పోతయినుప సిలిండరు, దాని వ్యాసము 70 మిల్లీమీటర్లు, పిస్టను పైకి క్రిందికి నడచు దూరము 90 మిల్లీమీటర్లు. నడక పొడవుగా నుండి, లోపల తిరుగు చక్రము బరువుగా నుండుటచే చప్పుడునకు చప్పుడునకు నడుమ ఎడము చిక్కినది. అదియే ఆ డుగ్గు డుగ్గు నాదము. ఇంజను వేరు, గేరుపెట్టె వేరు. గేరు కుడికాలి వైపు, బ్రేకు ఎడమకాలి వైపు ఉండెడివి. బండి స్టార్టు చేయుట ఒక విద్య. చిన్న మీటను నొక్కి సిలిండరులోని ఒత్తిడి విడిచి, ఆమ్మీటరు ముల్లు నడిమికి వచ్చు వరకు కిక్కును మెల్లగా త్రొక్కి, పిమ్మట ఒక్క ఊపున తన్నవలెను. ముల్లు చూడక తన్నినవానిని కిక్కు ఎదురు తన్నెడిది. చీలమండ వాచినవారు ప్రతి గ్రామమునను ఉండిరి. అయినను ఆ ఇంజనులో మర్మము లేదు. పాయింట్లు, కార్బురేటరు, ట్యాపెట్లు ఇవి మూడును తెలిసినవాడు చెట్టు క్రింద గోనెసంచి పరచుకొని దానిని విప్పి బిగింపగలిగెడివాడు.

ఇదే దేహమునకు డీజిలు ఇంజను బిగించిన బండియు ఒకటి కొంతకాలము తిరిగినది. టారస్ అని దాని పేరు. అందలి 325 సీ.సీ. ఇంజను పంపుసెట్ల వంటి పనులకు వాడు జాతికి చెందినది. బలము ఆరున్నర గుర్రములు మాత్రమే. లీటరునకు 70 కిలోమీటర్లు దాటునని ప్రసిద్ధి. ఎక్కినవాని వెన్నెముక అదరిపోయినను, డీజిలు చవుకగా నున్న దినములలో వర్తకులును, రైతులును దానిని ఆదరించిరి. పొగను గూర్చిన నిబంధనలు బిగిసిన కొలది నిలువజాలక, 2000 సంవత్సర ప్రాంతమున అది అంతరించెను. సుఖము కొఱకు వచ్చిన ఇంజను కాదది. పొదుపు కొఱకు వచ్చినది. నా దృష్టిలో మన దేశపు మోటారు సైకిళ్ల చరిత్రలో రైతును తలచి చేసినదానికి అంతకంటె దగ్గరగా వచ్చిన బండి మరియొకటి లేదు.

ఇక అచ్చమైన చిన్న క్రూజరు సంగతి. పూనాలోని బజాజ్ వారు జపానునకు చెందిన కవాసాకి కంపెనీ పొత్తుతో 2001లో ఎలిమినేటర్ అను 175 సీ.సీ. బండిని తెచ్చిరి. చూచుటకు అమెరికా బండివలె నుండి, మోయుటకు తేలికగా నుండెను. దాని ఇంజను కవాసాకి వారిది; అందులకు తగినట్లే ధరయు హెచ్చు. 2005లో దానికి బదులుగా అవెంజర్ అను పేర మరియొక బండి వచ్చెను. దేహము పాతదే, ఇంజను మాత్రము బజాజ్ వారి పల్సర్ 180 అను ఉరుకు బండిది. ధర తగ్గినది. అటు పిమ్మట పల్సరునకు 200 సీ.సీ. వచ్చిన కొంతకాలమునకు అవెంజరునకును 200 వచ్చెను. పల్సరు 220 అయినది. 2010లో అవెంజరును 220 అయినది. 2015లో 150, 2018లో 180, 2019లో 160 అను చిన్న ఇంజనులు కూడ వరుసగా మార్చి మార్చి తొడిగిరి. ఇందువలననే ఆ బండి యజమానులు కొత్త ఇంజను కొఱకు ఎదురుచూచునప్పుడు నిజముగా ఎదురుచూచునది తమ బండిని గాదు, పల్సరును. అన్నకు కొత్త చొక్కా కుట్టించిన దినముననే తమ్మునికి పాత చొక్కా మీద ఆశ పుట్టినట్లు.

ఇది తప్పని నేననను. చొక్కా పాతదైనను తమ్ముని ఒంటికి సరిపోయినదే. 220 సీ.సీ. ఇంజను ఆ తేలిక బండికి చాలినంత లాగుడు నిచ్చినది. దాని బరువు 163 కిలోలు. ఎత్తు తక్కువ వారును రెండు పాదములు నేలకు ఆనించి నిలుపగల బండి గనుక దానిని కోరినవారు పెక్కుమంది.

మదరాసు కంపెనీలో మాత్రము నడచినది దీనికి పూర్తిగా విపరీతము. ఈ ప్రసంగమున నేను ముఖ్యముగా చెప్పదలచినది ఇదియే.

1994లో ఐషర్ సంస్థ ఎన్‌ఫీల్డ్ ఇండియాను తన చేతిలోనికి తీసికొనెను. పాత ఇనుప ఇంజనుతో ఎక్కువ కాలము సాగదని తెలిసియే ఉండెను. నూనె కారును, పొగ వచ్చును, ప్రభుత్వ నిబంధనలు ఏటేటికి బిగియుచున్నవి. అయినను బుల్లెట్టులో చేయి పెట్టిన ప్రతిసారియు పాత అభిమానులు గొడవపడిరి. చప్పుడు మారినదనియు, అల్యూమినియము సిలిండరు బుల్లెట్టు కాదనియు ఆక్షేపించిరి. తాతగారి ఇంటిలో గోడ మార్చవలెననిన ఎంత పేచీయో మీకు తెలియును. క్రూజరు బండికి అట్టి తాతలు లేరు. అది కొత్తది, దాని చప్పుడు ఇట్లే ఉండవలెనని పట్టుపట్టు అభిమాని ఇంకను పుట్టలేదు. కాబట్టి ఏ కొత్త ఇంజనునైనను జనులకు అలవాటు చేయుటకు ఆ బండియే అనుకూలమైనది.

ఆస్ట్రియా దేశమున గ్రాజ్ నగరమునందలి ఏ.వీ.ఎల్. అను ఇంజనుల పరిశోధన సంస్థ సాయమున చేసిన అల్యూమినియము ఇంజనును పెట్టుకొని 2002లో థండర్‌బర్డ్ అను క్రూజరు వచ్చెను. దానికి అయిదు గేర్లు. పిమ్మట ఇంజను, క్లచ్చి, గేరుపెట్టె మూడును ఒకే పెంకులో ఇమిడించిన కొత్త ఇంజను సిద్ధమైనప్పుడు, మన దేశపు అంగళ్లలో అది 2008లో మొదట కనబడినది థండర్‌బర్డ్ ట్విన్‌స్పార్క్ అను బండిలోనే. 2009లో క్లాసిక్కునకు వచ్చినది. బుల్లెట్టునకు అటు తరువాతనే. 2010 ప్రాంతమునకు గాని పాత ఇనుప ఇంజను శకము ముగియలేదు. అనగా ఒక్క ఇంజను, చిల్లరమల్లర సవరణలతో, మదరాసు గడ్డ మీద 55 ఏండ్లు జీవించినదన్నమాట.

మూడవ మార్పు మరింత స్పష్టము. 2020 ఏప్రిల్ 1 మొదలు భారత్ స్టేజి 6 అను పొగ నిబంధనలు దేశమంతట అమలులోనికి వచ్చినవి. ఆ సంవత్సరముననే థండర్‌బర్డ్ ముగిసి, నవంబరు నెలలో మీటియర్ 350 అను క్రూజరు పుట్టెను. దాని 349 సీ.సీ. ఇంజను కొత్తగా గీచినది. తిరిగి ఇంగ్లండు గడ్డ మీద కంపెనీ వారు నెలకొల్పుకొనిన పరిశోధన కేంద్రమునందలి ఇంజనీర్లును, చెన్నపట్టణపు ఇంజనీర్లును కలిసి దానిని రూపొందించిరి. సిలిండరు వ్యాసము 72 మిల్లీమీటర్లు, పిస్టను నడక 85.8. బలము ఇరువది గుర్రములు. పాతదానికంటె హెచ్చనదగినది కాదు. అయితే లోపల ఒక తుల్యభారపు ఇరుసును అమర్చిరి. పిస్టను కొట్టు దెబ్బకు అది ఎదురు దెబ్బ కొట్టి అదురును మ్రింగివేయును. చేయి తిమ్మిరెక్కుట తగ్గినది. కొనువాడు బలము పెరుగునని చూచుచుండగా కంపెనీ వాడు నెమ్మది నిచ్చెను. క్రూజరునకు తగిన సవరణ అదియే యని నా అభిప్రాయము.

ఆ ఇంజను 2021 సెప్టెంబరులో క్లాసిక్కునకును, 2022 ఆగస్టులో హంటర్ అను తేలిక బండికిని చేరెను. పెద్దదిక్కైన బుల్లెట్టు 2023 సెప్టెంబరున గాని దానిని ధరింపలేదు. క్రూజరు పుచ్చుకొనిన పిమ్మట మూడేండ్లకు! కనుక ఆ కంపెనీలో కొత్త ఇంజను వచ్చుచున్నదో లేదో తెలియగోరువారు బుల్లెట్టును చూడరాదు, క్రూజరును చూడవలెను. 2025 సెప్టెంబరున మీటియరునకు దీపములును క్లచ్చియు మార్చిరి. ఇంజను మాత్రము 2020 నాటిదే. మా కొత్తగూడ యువకుల నిట్టూర్పునకు కారణమిదియే.

ఇన్ని మార్పులలోను ఒక్కటియైనను కొనువాడు అడిగినందువలన వచ్చినట్లు నాకు కనబడదు. పొగ నిబంధనలు తరిమినవి. నూనె కారుటయు, ఎగుమతి అవసరములును తోసినవి. పన్నుల సంగతియు అట్టిదే. 2025 సెప్టెంబరు 22వ తేదీ నుండి 350 సీ.సీ.కి లోబడిన బండ్లపై జీ.ఎస్.టీ. 28 నుండి 18 శాతమునకు తగ్గినది. 350 దాటిన వానిపై 40 శాతమైనది. ఒక్క సీ.సీ. తేడాలో పన్ను రెండింతలు దాటుచున్నది. ఇట్టి గట్టు మధ్యలో నుండగా, ఇంజను కొలతను గీచు ఇంజనీరు చేతిని పట్టుకొని నడిపించునది పన్నుల శాఖయే. చిన్న క్రూజరునకు 400, 440 సీ.సీ. ఇంజను వచ్చునని ఆశపడువారు ఈ అంకెను మరువరాదు. హీరో కంపెనీ వారు 2023లో హార్లీ పేరుతో తెచ్చిన ఎక్స్ 440 అను బండి ఆ గట్టునకు ఆవలి ఒడ్డున పడిపోయినది.

నష్టపోయినవారెవరని మొదట అంటిని. చప్పుడు పోయినదని ఏడ్చువారి బాధ నాకు అంత పెద్దదిగా తోచదు. చెవి రెండు నెలలలో కొత్తదానికి అలవాటుపడును. నష్టపోయినవాడు చెట్టు క్రింది మెకానిక్కు. 2008 నాటి ఇంజనులో ట్యాపెట్లను నూనె ఒత్తిడియే సరిచేసికొనును. అతనికి ఆ పని పోయినది. 2020 తరువాత కార్బురేటరు పోయి, పెట్రోలును కొలిచి చిమ్ము ఇంజక్షను పరికరము వచ్చినది. దానిని ఏలునది ఒక చిన్న కంప్యూటరు. బండి ఆగినచో తప్పు ఎక్కడనున్నదో చెప్పుటకు మరియొక యంత్రమును తగిలించి చూడవలెను. ఆ యంత్రము కంపెనీ సర్వీసు కేంద్రములలో నుండును. చెట్టు క్రింద నుండదు. కంప్యూటర్ల నగరమైన మా ప్రాంతముననే, మా కూడలికి దగ్గర సందులో, ముప్పది ఏండ్లుగా బుల్లెట్లు బాగుచేసిన ఒక పెద్దమనిషి కలడు. చెవిని రెంచికి ఆనించి, రెంచిని ఇంజనుకు ఆనించి జబ్బు చెప్పగలవాడు. ఇప్పుడతడు చక్రములకు గాలి, బ్రేకులకు తీగలు, పాత బండ్లకు మరమ్మతు, వీనితోనే కాలము గడుపుచున్నాడు. అతని కుమారుడు సర్వీసు కేంద్రమున చేరి ఆ తప్పులు చదువు యంత్రమును నేర్చుకొనెను. తండ్రి ఇంజను విని చెప్పునది, కొడుకు తెర మీద చదివి చెప్పునది ఒక్కొక్కప్పుడు సరిపోలునట! అట్లని తండ్రి విద్యకు జీతమిచ్చువాడు లేడు. పల్లెలలో ఈ నష్టము మరింత ఎక్కువ. సర్వీసు కేంద్రము నలుబది మైళ్ల దూరమున నున్న ఊరిలో, కొత్త బండి ఆగినచో లారీ మీదకి ఎక్కించుట తప్ప గత్యంతరము లేదు. ప్రతి సంవత్సరము కొన్ని వందల యువకులకు ఈ కొత్త విద్యను మండల కేంద్రములలోనే, ఐ.టీ.ఐ.లలో నేర్పు ఏర్పాటు చేయవలెనని నేను గట్టిగా నమ్ముచున్నాను. కొత్త ఇంజను వచ్చుట కంటె ఇది ముందు జరుగవలసిన పని.

తేలిక ఇంజనుల చరిత్రలో మరియొక చిన్న కథ చెప్పక మానలేను. 1938 ప్రాంతమున హాలెండు దేశమున జర్మనీ వారి డీ.కే.డబ్ల్యూ. బండ్లు అమ్ము వర్తక సంస్థ నొకదానిని, అందులో యూదులు డైరెక్టర్లుగా నున్నారను కారణమున, నాజీ పాలకులు ఏజన్సీ నుండి తొలగించిరి. ఆ వర్తకులు ఇంగ్లండులోని రాయల్ ఎన్‌ఫీల్డ్ వారి కడకు పోయి, అట్టి చిన్న బండినే చేసి యిమ్మని కోరిరి. అట్లు పుట్టిన 125 సీ.సీ. బండి యుద్ధకాలమున సైన్యమునకు పనికివచ్చినది. 60 కిలోల బరువు కూడ లేకుండుటచే, ఇనుప చట్రములో బంధించి విమానముల నుండి గొడుగులతో దింపెడివారు. ఫ్లయింగ్ ఫ్లీ అని దానికి పేరు వచ్చెను. జాతిద్వేషము చేసిన అన్యాయము వలన ఒక తేలిక ఇంజను పుట్టి, ఆ ద్వేషము మీదికే యుద్ధమునకు పోయినది.

2024 నవంబరులో ఇటలీలోని మిలాన్ నగర ప్రదర్శనమున రాయల్ ఎన్‌ఫీల్డ్ వారు ఆ పాత పేరును తీసికొని ఒక కొత్త తేలిక బండిని లోకమునకు చూపిరి. అది బ్యాటరీతో నడచును. దానికి సిలిండరు లేదు, పిస్టను లేదు, ఆమ్మీటరు ముల్లు నడిమికి తెచ్చు పనియు లేదు.